మా అత్త చూడని గ్రహణం

మా అత్త పోయిన నెల చనిపోయింది. మధ్యాహ్నం అన్నం తిని, మిద్దె మీద ఆరిన బట్టలు తెచ్చి మడతపెడుతూ, కాసేపు నడుము వాలుస్తానని పక్కకు ఒరిగింది. మళ్ళీ లేవలేదు. ఆ సమయానికి నేను బడిలో పదో తరగతి పిల్లలకు ఫిజిక్స్ పాఠం చెబుతున్నాను. ఆయా వచ్చి బయటికి పిలిచింది. ఫోన్‌లో మా ఆయన, "అమ్మ పోయిందే, నువ్వు రా," అన్నాడు.

మహదేవపురలోని బడి నుంచి కాడుగోడిలోని ఇంటికి ఆటోలో వస్తుంటే నా మనసులో మొదట మెదిలిన మాట ఏమిటో చెబితే మీరు విచిత్రంగా చూస్తారేమో. 'ఇంకా రెండేళ్ళుందే' అనుకున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు కోపం వచ్చింది. 2028 డిసెంబరు 31 రాత్రి మన ఆకాశంలో సంపూర్ణ చంద్రగ్రహణం ఉంది. దాన్ని చూడాలని మా అత్త ఏళ్ళ తరబడి కాచుకుని ఉంది. గ్రహణాలు ఇంకెన్నో వచ్చాయి, వెళ్ళాయి. వాటి మీద ఆమెకు ఆశ లేదు. అది ఒక్కటే తనదని ఆమె లెక్క. ఎందుకు తనదయిందో చెప్పాలంటే, ఆమె కొత్త కోడలిగా ఉన్న రోజుల దగ్గరికి వెళ్ళాలి.

1974లో కార్తీక పౌర్ణమి నాడు, చీకటి పడ్డాక గ్రహణం పట్టింది. కాడుగోడి అప్పటికి పల్లెటూరు. రైలు స్టేషన్ ఒకటి, చుట్టూ రాగి చేలు. కోలారు వైపు నుంచి ఈ ఇంటికి వచ్చిన మా అత్తకు అప్పుడు పందొమ్మిదేళ్ళు, తొలి కాన్పు, కడుపు బాగా కనబడుతున్న రోజులు. కడుపుతో ఉన్నవాళ్ళు గ్రహణం చూడకూడదు, కత్తి పట్టకూడదు, గోక్కోకూడదు, కాళ్ళు ముడుచుకోకూడదు. కాబట్టి ఆమెను రాగి మూటలు వేసే గదిలో చాప మీద కాళ్ళు చాపి పడుకోబెట్టి, వాకిలి వేసి, ఇంట్లోవాళ్ళందరూ వీధిలోకి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రాన్ని మా అత్త నాకు ఎన్నిసార్లు చెప్పిందో. "బయట తిరునాళ్ళ మాదిరి ఉండె అమ్మీ. ఒకాయన, ఎర్రగా అయిపాయె అనె. ఇంకొకామె, రాగి చెంబు మాదిరి ఉండాడు అనె. మీ మామ గొంతు కూడా ఇనపడె. నేను దూలాలు చూసుకుంటా పండుకోనుంటి. ఒక్కరన్నా లోపలికి వచ్చి, భయంగా ఉండాదా అని అడగలే." చెప్పిన ప్రతిసారీ ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగేది.

రెండు మూడు నెలల తర్వాత ఆడపిల్ల పుట్టింది. ఆమే మా ఆయనకు పెద్దక్క, నాకు వదిన. పుట్టినప్పుడే వదిన ఎడమ చెవి పైఅంచున చిన్న గాటు ఉంది, ఎవరో చిటికెడు తుంచుకున్నట్టు. మంత్రసాని బిడ్డను చేతిలో పెట్టగానే మా అత్తకు అత్త ఆ చెవి చూసి, "తొంగి చూసినావు గదా," అంది. చూడలేదని ఈమె ఒట్టు పెట్టింది. వాకిలి సందులోంచి చూసి ఉంటుందని ఒకరు, పెంకుల మధ్య కన్నం ఉందని ఒకరు. పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో ఎవరో ఒకరు వదినను దగ్గరికి తీసుకుని, "గ్రహణం బిడ్డ ఈమేనా?" అని చెవి తడిమి చూసేవాళ్ళు. వదినకు అలవాటైపోయింది. "నాకు బాగానే ఇనపడతాది, మీకేం అడ్డమొచ్చె," అని జుట్టు కప్పుకునేది. మా అత్తకు మాత్రం అలవాటు కాలేదు.

అందరికంటే మామ అన్న మాట ఆమెను ఎక్కువ బాధపెట్టింది. మామ మంచివాడు, ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసేవాడు, గట్టిగా ఒక మాట అని ఎరగడు. ఒకరోజు ఈమె ఏడుస్తుంటే ఓదార్చబోయి, "పోనీలే, చూస్తే చూసినావులే," అన్నాడట. క్షమించాడు గాని నమ్మలేదు. ఆయన పోయి ఎన్నో ఏళ్ళయినా ఆ మాట వచ్చినప్పుడల్లా మా అత్త ముఖం ముడుచుకునేది. "చూడకనే మాట పడితిని. చూసి పడింటే ఒక లెక్క. నేనేం చూసినానని అందరూ అంటారో అది నాకే తెల్దు," అనేది. నవ్వుతూనే అనేది, కానీ అది నవ్వే మాట కాదని విన్నవాళ్ళకు తెలుసు.

నాది హిందూపురం. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చేటప్పటికి నేను ఫిజిక్స్ టీచర్ని, పైగా నోరు కాస్త పెద్దది. వచ్చిన కొత్తలో ఒక గ్రహణం నాడు ఇల్లు చూసి నాకు నవ్వాగలేదు. ఊరగాయ జాడీ మీద దర్భ వేయడం మా ఇంట్లోనూ ఉంది. ఇక్కడ ఫ్రిజ్ లోపల ప్రతి గిన్నె మీదా ఒక దర్భ, నీళ్ళ ఫిల్టర్ మీద ఒక దర్భ, మా ఆయన ల్యాప్‌టాప్ మీద కూడా ఒక పుల్ల. అదెందుకని అడిగితే మా అత్త, "వాడు అన్నం పెట్టేది దాన్తోనే కదా," అంది. నడింట్లో ఇత్తడి తాంబాళంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టింది. గ్రహణం ఉన్నంతసేపు రోకలి ఆధారం లేకుండా నిలబడుతుందని, విడవగానే పడిపోతుందని మన వైపు నమ్మకం. నిలబడింది. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు.

నేను ఊరుకుంటానా? మరుసటి వారం మామూలు మంగళవారం నాడు అదే తాంబాళం, అదే రోకలి తెచ్చి అత్త ముందు నిలబెట్టాను. రోకలి అడుగు చదునుగా ఉంటుంది, ఓపిగ్గా నిలబెడితే ఏ రోజైనా నిలబడుతుందని పాఠం చెప్పాను. మా అత్త రోకలి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "నీ చెయ్యి వాటం మంచిదమ్మీ. వచ్చే గ్రహణానికి నువ్వే నిలబెట్టు, నాకు నడుము నొప్పి," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆ పని నాకు అంటుకుంది. గెలిచానో ఓడానో ఇప్పటికీ తెలియదు.

2018 జనవరి నెలాఖరున ఒక సంపూర్ణ గ్రహణం వచ్చింది. సాయంత్రం చంద్రుడు పైకి వచ్చేటప్పటికే నీడలో ఉంటాడు. పిల్లలను బడి మైదానంలో నిలబెట్టి చూపించాలని ప్రిన్సిపాల్‌ను ఒప్పించింది నేనే. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను. మా అత్త వద్దంది. వద్దంటే నేను వినలేదు. ఇద్దరి మధ్య మాటలు ఆగిపోయాయి. కాఫీ గ్లాసు నా ముందు చప్పుడయ్యేట్టు పెట్టి వెళ్ళేది. చివరికి గ్రహణం నాడు పొద్దున నేనే కదిలించాను.

"అత్తా, నేను పిల్లలకు చెప్పే పాఠమే ఇది. భూమి నీడ పోయి చంద్రుడి మీద పడతాది, అంతే. నీడకు బిడ్డను ఏమన్నా చేసే బలం ఉంటాదా?"

"నీడ ఏం చేస్తాది, ఏమీ చేయదు," అంది ఆమె. చింతపండు గింజలు తీస్తోంది, తల ఎత్తలేదు. "నేను చూడనే లేదు, అయినా మీ వదిన చెవి అట్ల ఉండాది. అంటే చూసేదానికీ చెవికీ సంబంధం లేదనే కదా. ఆ సంగతి ఈ ఊర్లో నాకు తెలిసినంతగా ఎవురికి తెలుసు?"

ఇంత చక్కని రుజువు నేను ఏ పాఠ్యపుస్తకంలోనూ చదవలేదు. "మరి తెలిసీ ఎందుకు వద్దంటావు?" అని అడిగాను.

"బిడ్డకు ఏమీ కాదు. అయ్యేది నీకు. రేపు బిడ్డకు ఒక మచ్చ ఉన్నా, నడక రొంత ఆలస్యమైనా అందరూ నీ మొగం చూస్తారు. చదువుకున్నదానివి కాబట్టి ఇంకా ఎక్కువ చూస్తారు. ఆ చూపు నాకు తెలుసు అమ్మీ. నాకు పడింది చాలు, నీకొద్దు."

ఈ రోజుకూ ఆమె చెప్పింది సరైనదని నేను అనుకోను. చూస్తే ఏమీ కాదని నలుగురికీ చెప్పవలసిన మనిషే లోపల కూర్చుంటే ఇంక చెప్పేదెవరు? ఈ వాదన నా దగ్గర పదునుగానే ఉంది. కానీ ఆ పొద్దున ఆమె గొంతు విన్నాక వాదించాలనిపించలేదు. బడికి ఫోన్ చేసి, పిల్లలను ఇంకో టీచరుకు అప్పగించి ఇంట్లో ఉండిపోయాను.

సాయంత్రం నన్ను పడకగదిలో కూర్చోబెట్టింది. వాకిలి వేసి ఆమె కూడా మిద్దె మీదికి వెళ్తుందనుకున్నాను. మా ఆయన, వదిన, చుట్టుపక్కలవాళ్ళు అప్పటికే పైన చేరారు. మా అత్త చాప చంకన పెట్టుకుని లోపలికి వచ్చి, గడియ లోపలి నుంచి వేసుకుంది.

"నువ్వు పోయి చూడు అత్తా," అన్నాను.

"నేను పైకి పోతే, నువ్వు చూడలేదని ఎవురు చెప్తారు? నాకు ఆ పొద్దు చెప్పేవాళ్ళు లేకనే కదా ఇదంతా. నేను సాక్షి," అని చాప పరిచి కూర్చుంది. కాసేపటికి, "గోక్కోవాలంటే గోక్కో, నేను అటు తిరుగుతా," అంది. నాకు నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపు కూడా వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్ళకు ఏదైనా వస్తుందని ఆమె పట్టించుకోలేదు.

పైనుంచి వదిన కేక వినబడింది. "అమ్మా, ఎర్రగా ఉండాడు." మా అత్త గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. "అవే మాటలు. ఇన్నేండ్లయినా మనుషులు ఒక కొత్త మాట కనిపెట్టలే," అంది.

ఆ గదిలో ఊరికే కూర్చోలేక నేను సారోస్ చక్రం సంగతి ఎత్తాను. గ్రహణాలు తోచినప్పుడు రావు. ఒక గ్రహణం జరిగాక పద్దెనిమిదేళ్ళకు, పైన పదీ పదకొండు రోజులకు సూర్యుడూ భూమీ చంద్రుడూ దాదాపు అదే వరసలోకి తిరిగి వస్తారు. దాదాపు అలాంటి గ్రహణమే మళ్ళీ పడుతుంది. కాకపోతే ఆ లెక్కలో ఇంకో ఎనిమిది గంటలు మిగులు ఉంటుంది. ఆ ఎనిమిది గంటల్లో భూమి మూడోవంతు తిరిగిపోతుంది కాబట్టి రెండోసారి ఆ గ్రహణం ఇంకో దేశానికి అనువుగా పడుతుంది. ఇలా మూడుసార్లు జరిగితే మళ్ళీ మన వైపుకే, ఇంచుమించు మన పొద్దుకే వస్తుంది. బడిలో ఈ ముక్క చెబితే పిల్లలు పెన్ను నోట్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తారు. మా అత్త మాత్రం చాప మీద ముందుకు జరిగింది.

"ఎనిమిది గంటలంటే ఒక షిఫ్టు," అంది. "మీ మామకు అట్లనే కదా వస్తా ఉన్నింది. ఒకతూరి ఫస్టు షిఫ్టు, ఒకతూరి సెకండు షిఫ్టు, ఒకతూరి నైటు షిఫ్టు. మళ్ళీ మొదటికి."

ఆ తర్వాత నేను బడిలో ఆ పాఠాన్ని షిఫ్టులతోనే చెబుతున్నాను. వైట్‌ఫీల్డు, మహదేవపుర పిల్లలకు అమ్మానాన్నల షిఫ్టులు బాగా తెలుసు, ఇప్పుడు ఎవరూ పెన్ను నోట్లో పెట్టుకోవడం లేదు.

"అట్లయితే నాది మళ్ళీ ఎప్పుడు?" అని అడిగింది. ఫోన్‌లో గ్రహణాల పట్టిక తీసి వెతికాను. 1974 నవంబరు నాటిది మళ్ళీ 1992 డిసెంబరులో తెల్లవారుజామున వచ్చింది. 2010 డిసెంబరులో మధ్యాహ్నం, అంటే చంద్రుడు మనకు కనబడని వేళ వచ్చిపోయింది. ఇక రాబోయేది 2028 డిసెంబరు 31, రాత్రి పడక వేళకు.

ఆమె పట్టుకున్నది తొంభై రెండును. "తెల్లారుజామునా? మీ మామ ఆ చలికాలమంతా ఫస్టు షిఫ్టే. నేను లేసే ఉంటి, క్యారియర్ కడతా ఉంటి," అంది. "వంటింటి కిటికీ తూర్పుకుండె. ఆయప్ప, ఆ చంద్రుడు, పడమటికి దిగతా ఉన్నింటాడు. నా వీపు ఎనకాలే వచ్చి పోయినాడు చూడు." ఆ రాత్రంతా ఆమెకు అదే బేజారు. అన్నం కూడా సరిగా తినలేదు.

టీచరు బుద్ధి కదా, నేను ఉండబట్టలేక ఇంకో మాట అన్నాను. అది అచ్చంగా అదే గ్రహణం కాదు అత్తా, ఆ వరసలో తర్వాతిది, రొంత మారి ఉంటాది అని. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "నేను మాత్రం అప్పటి మనిషినా? ఆయప్పా మారినాడు, నేనూ మారితిని. సరిపోతాదిలే," అంది.

మా అమ్మాయి వేసవిలో పుట్టింది. మెడ వెనక చిన్న నల్ల పుట్టుమచ్చ ఉంది. పురిటికి చూడవచ్చిన మామ చెల్లెలు బిడ్డను అటూ ఇటూ తిప్పి, మచ్చ దగ్గర ఆగి, నా వైపు చూసింది. నోరు ఇంకా తెరవలేదు. మా అత్త చేతిలో ఉన్న పాల గిన్నె కింద పెట్టి, "గ్రహణం పొద్దు నేను ఈమె పక్కనే ఉంటి. గడియ నేనే వేస్తి, నేనే తీస్తి. సాక్షి చెప్తా ఉండాను, వినుకో," అంది. గట్టిగా అనలేదు. మామ చెల్లెలు బిడ్డను నా ఒళ్ళో పెట్టి కాఫీ అడిగింది. ఆ మచ్చ గురించి ఇంతవరకు ఈ వంశంలో ఎవరూ ఒక మాట అనలేదు. మా అమ్మ కూడా నా కోసం అంత నిటారుగా నిలబడిన రోజు నాకు గుర్తు లేదు. ఆ రోజు నుంచి నాకు ఆమె మీద ఉన్నది గౌరవం అనను, ప్రేమ అంటాను.

ఇక 2028 కోసం ఆమె చేసిన ఏర్పాట్లు చెప్పకపోతే ఈ స్మృతి పూర్తి కాదు. బీపీ మాత్రలు అప్పటిదాకా చెప్పి చెప్పి వేయవలసి వచ్చేది. ఆ తర్వాత అడిగి వేసుకునేది. కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించినప్పుడు ఆ కుర్ర డాక్టరును కన్నడంలో నిలదీసింది, ఇరవై ఎనిమిదో సంవత్సరం దాకా పనిచేస్తుందా అని. ఆయన ఇంకా ఎక్కువే పనిచేస్తుందని నవ్వాడు. ఎక్కువ అక్కరలేదని, అప్పటిదాకా బాగుంటే చాలని బేరం తగ్గించి వచ్చింది. మా చుట్టూ ఖాళీ జాగాల్లో అపార్ట్‌మెంట్లు లేస్తుంటే ఒక్కొక్క అంతస్తునూ శత్రువును చూసినట్టు చూసేది. ప్రతి పౌర్ణమికీ మోకాళ్ళు పట్టుకుని మిద్దెక్కి, "ఉండాడా లేదా చూసొస్తా," అనేది.

పక్క అపార్ట్‌మెంట్ సంఘానికి సెక్రటరీ గుంటూరు వైపు అబ్బాయి, ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. డిసెంబరు 31 అంటే వాళ్ళ మిద్దె మీద లైట్లు, పాటలు, డ్యాన్సులు. మా అత్త ఒకరోజు అతన్ని గేటు దగ్గర పట్టుకుంది. "నాయనా, ఇరవై ఎనిమిదిలో మాత్రం ఆ పొద్దు లైట్లు ఆర్పాల. పాటలు పెట్టుకోండి, నాకేం తక్లీఫ్ లేదు. లైట్లే ఒద్దు." అతను పాపం ఫోన్ తీసి, "ష్యూర్ ఆంటీ, ఇప్పుడే రిమైండర్ పెట్టేస్తున్నా. ఇంకా చాలా టైమ్ ఉంది కదా," అన్నాడు. పెట్టినట్టు చూపించేదాకా ఈమె గేటు వదల్లేదు.

వేరే గ్రహణాలు చూడమంటే మాత్రం చూసేది కాదు. పోయిన ఏడాది సెప్టెంబరులో చక్కటి సంపూర్ణ గ్రహణం పడింది. రమ్మని పిలిచాను. దుప్పట్లోంచి ముఖం తీయకుండా, "అది ఎవురిదో. నువ్వు చూసిరా," అంది. ఈ మార్చిలో సాయంత్రం ఒకటి వచ్చింది, మన వైపు కొస మాత్రమే కనబడేది, అదీ అపార్ట్‌మెంట్ల వెనక పోయింది. "పోనీ, అదీ నాది కాదు," అంది. అప్పుడు నవ్వాను. ఇప్పుడు అనిపిస్తుంది, ఆ సెప్టెంబరుది ఒక్కటన్నా దుప్పటి లాగి, చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళవలసిందని. తీసుకెళ్ళినా ఆమె కళ్ళు మూసుకునే కూర్చునేదేమో, అంత మొండిది.

ఈ విషయం చావు ఇంట్లో ఎవరితో చెప్పుకుంటాను? వచ్చినవాళ్ళందరూ అదృష్టవంతురాలు, బాధ పడకుండా పోయింది, మనవరాలిని ఎత్తుకుంది, అన్నీ చూసింది అన్నారు. 'అన్నీ చూసింది' అన్న మాట విన్నప్పుడల్లా నాకు లోపల మండేది. చూడలేదు, ఒకటి చూడలేదు అని అరవాలనిపించేది. గ్లాసులు కడుగుతూ ఊరుకున్నాను.

పదకొండో రోజు కర్మ అయిపోయి, చుట్టాలు సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయాక, అద్దెకు తెచ్చిన కుర్చీలు కిందికి దించడానికి నేనూ వదినా మిద్దెక్కాం. పొద్దు అప్పుడే కుంగింది. రెండు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పెట్టి నేను అక్కడే నిలబడిపోయాను. ఇన్ని రోజులు పట్టుకున్నది ఇక ఆగలేదు.

"ఇంకో రెండేండ్లు ఆగింటే చూసుండును కదా వదినా. ఊరికే మాట పడి, ఊరికే పాయె," అన్నాను.

వదిన తన చేతిలోని కుర్చీ దించింది. ఆమె ఏడవలేదు. కాస్త కోపంగానే చూసింది నన్ను.

"ఆ పొద్దు లోపల అమ్మ ఒక్కతే ఉన్నిందా?" అంది. "నేనూ ఉంటి గదమ్మా. నన్నూ చూడనియ్యలే. అది అమ్మది ఎంతనో నాదీ అంతే. నేను ఉండాను కదా, నేను చూస్తా."

ఇన్నేళ్ళలో నాకు ఈ ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. అత్త గ్రహణం, అత్త గది అనుకున్నానే గాని ఆ గదిలో ఇంకొకరు ఉన్నారని, ఆ మాటలు ఆమె మీదా పడ్డాయని లెక్క వేయలేదు. మా అత్తకు తట్టిందో లేదో ఇక అడగలేను.

"ఆ పొద్దుకు యాడ ఉంటాడు? ఈ అపార్ట్‌మెంట్లు అడ్డమొస్తాయా?" అని అడిగింది వదిన.

రావని చెప్పాను. ఆ వేళకు చాలా ఎత్తులో, దాదాపు నడినెత్తి మీద ఉంటాడు, అంత పైకి ఏ అపార్ట్‌మెంటూ లేవలేదు. తూర్పుకు కాస్త వాలుగా చెయ్యెత్తి చోటు చూపించాను. వదిన మెడ వెనక్కి వాల్చి చూసింది. మెడ నొప్పి పుట్టిందేమో, కొంగు నడుముకు చుట్టుకుని, పగటి వేడి ఇంకా తగ్గని గచ్చు మీద వెల్లకిలా పడుకుంది. మొదట కాళ్ళు తిన్నగా చాపుకుంది. తర్వాత ఏమనుకుందో, మోకాళ్ళు రెండూ ముడుచుకుంది.

కింద నుంచి మా ఆయన కుర్చీలేవని కేక వేశాడు. ఇద్దరం పలకలేదు. నేను చూపించిన చోట ఏమీ లేదు, వెలుతురు పూర్తిగా పోలేదు, ఒక్క చుక్క కూడా పొడవలేదు. వదిన ఆ చోటునే చూస్తూ, పక్కన గచ్చు మీది దుమ్ము అరచేత్తో తుడిచి, నన్నూ పడుకోమంది.